నర్సమ్మ చెయ్యి

బావగారు గుడ్డముక్కను వంటనూనెలో ముంచి మొక్కల ఆకులు తుడుస్తున్నాడు. అదే గుడ్డతో మధ్యమధ్య మెడ మీద చెమట కూడా తుడుచుకుంటున్నాడు. విత్తనాల షెడ్డు గుమ్మంలోంచి చిన్న కోడలు అది చూస్తోంది.

ఆ నర్సరీ మామగారు పెట్టింది. ఆయన పోయాక పెత్తనం పెద్దకొడుకుది, చాకిరీ చిన్నకొడుకుది. చిన్నకొడుకు వ్యాను తోలతాడు, అన్న మాటకు తల ఊపుతాడు. ఆ తల ఊపడానికి తప్ప ఇంకెందుకు పనికొస్తుందో పెళ్లయి ఇన్నేళ్లయినా చిన్న కోడలికి అంతుపట్టలేదు. ఆ ఇంట్లో మొక్కల చదువు చదివింది ఆమె ఒక్కతే. విత్తులు మొలిపించడం ఆమె పని, మొలిచినవి అమ్మడం బావగారి పని. మధ్యలో వాటిని బతికించడం ఎవరి పనో ఎవరూ తేల్చలేదు.

ఈ ఎండలకు బావి అడుగంటింది. ఉన్న కాసిని నీళ్లనూ బావగారు గేటు దగ్గరి పూలకుండీలకు మళ్లించాడు. పూలు కంటికి కనబడతాయి, కనబడేదే అమ్ముడుపోతుంది. వెనక వరసలో ఉన్న చెట్టు మొక్కలకు వారాల తరబడి చుక్క నీరు పడలేదు. "చెట్టు జాతి కదమ్మా, అదే ఓర్చుకుంటుంది" అన్నాడు. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి, చిన్న కోడలు తన స్నానం నీళ్లలో సగం మోసుకెళ్లి కొన్నింటిని మాత్రం షెడ్డు నీడలో బతికించుకుంది. మిగతావి మట్టి బీటలు వేసిన సంచుల్లో అలాగే నిలబడి ఉన్నాయి.

నాలుగు రోజుల కిందట నర్సమ్మ నుంచి కబురొచ్చింది, తన కాన్పుల ఇంటి ఆవరణలో నాటడానికి మొక్కలు కావాలని. అప్పుడు బావగారికి వెనక వరస గుర్తొచ్చింది. గొట్టం పెట్టి సంచులు మునిగేదాకా నీళ్లు కొట్టించాడు. చచ్చిన వేళ్లు ఆ నీళ్లలో నాని నాని, ఇవాళ ఆ వరసంతా మూసిన కాలవ కంపు కొడుతోంది. ఆ కంపులోనే నిలబడి బావగారు ఈలపాట పాడుకుంటూ ఆకులకు సోకులు చేస్తున్నాడు.

నర్సమ్మ అంటే ఆ వీధుల్లో సగం మంది పిల్లలను ముందు ఎత్తుకున్న మనిషి. పోయినేడు ఇక్కడే మొక్కలు కొంది. నెల తిరక్కుండానే అన్నీ మోడులయ్యాయి. ఆ సంగతి చెబుదామని వస్తే, నలుగురు కొనేవాళ్ల ముందు బావగారు నవ్వుతూ, "మా మొక్కలు బంగారం నర్సమ్మగారూ. మీ చెయ్యే మంచిది కాదేమో చూసుకోండి" అన్నాడు. ఎవరొచ్చినా అనే మాటే అది. కానీ కిరాణా కొట్టాయన్ని అనడం వేరు, కాన్పులు చేసే మనిషిని అనడం వేరు. మాటకు కాళ్లొచ్చాయి. కాన్పుల ఇంటి ఎదుటి దర్జీ నోట పడి వీధులన్నీ తిరిగింది. మొక్కనే బతికించలేని చెయ్యి బిడ్డనేం బతికిస్తుందన్నారు. నెలలు నిండినవాళ్లు ఆ గుమ్మం దాటుకుని పెద్దాసుపత్రికి పోవడం మొదలుపెట్టారు. ఈసారీ మొక్కలు చస్తే ఆ కాన్పుల ఇంటికి ఇక తాళమే.

పోయినేడూ ఇదే ఎండ, ఇదే బావి, ఇదే బావగారు. అది తలుచుకున్నకొద్దీ చిన్న కోడలికి ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆయన ఎదుట నిలబడింది.

"అవి పోయాయి బావగారూ. నర్సమ్మగారికి ఇవ్వొద్దు."

"ఏం పోయాయి? ఆకు నిగనిగలాడుతుంటే."

"అది నూనె."

"నీళ్లు పోశాం కదమ్మా."

"మట్టికి పోశాం. మొక్కలోకి ఎక్కట్లేదు. కాండం లోపల సన్నటి గొట్టాలుంటాయి. వాటిలో నీళ్లు తెగని దారంలాగా పైకి సాగుతాయి. మట్టి మరీ ఎండిపోతే ఆ దారం తెగిపోయి గాలి దూరుతుంది. మోటారుకి గాలి పడితే బావిలో నీళ్లున్నా పైకొస్తాయా?"

"రావు. మూత తీసి నీళ్లు పోసి గాలి తీసేస్తాం."

"దీనికి మూత లేదు. ఇంకో వారం ఆకు పచ్చగానే ఉంటుంది. తర్వాత రాలిపోతుంది."

"తర్వాతే కదా" అన్నాడు బావగారు. గొంతు సవరించుకుని సంచుల మధ్య ఉమ్మాడు. "అప్పటికి మన గేటు దాటి ఉంటాయి. ఆవిడ చెయ్యి సంగతి అందరికీ తెలిసిందే. మననెవరంటారు?"

ఆయన మొహంలో కోపం లేదు, దొంగతనం చేస్తున్నానన్న బెదురు కూడా లేదు. పసిపిల్లకు ఎక్కం చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. చిన్న కోడలికి ఆ ఓపికే ఎక్కువ రోత పుట్టించింది. ఈ మనిషి ఎంగిలి చేత్తో వడ్డించుకున్న గిన్నెలోంచే తానూ తింటోందన్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

అంతలో నర్సమ్మ గేటు తీసుకుని వచ్చింది. కొనడానికి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆమెను చూసి పక్కకు తప్పుకున్నారు.

"ఈసారి గుంటలు లోతుగా తీయించాను. మట్టి కూడా మార్పించాను" అంది నర్సమ్మ, ఎవరూ అడక్కుండానే. "మొక్కలు మీరే ఏరి ఇవ్వండి. నేను ముట్టుకోను."

"మీకోసం కడుపులో పెట్టుకుని సాకినవండీ ఇవి" అన్నాడు బావగారు.

చిన్న కోడలు షెడ్డులోకి వెళ్లి బకెట్టు నీళ్లు, రెండు గాజు సీసాలు, ఎర్ర సిరా బుడ్డి తెచ్చింది. బావగారి వరసలోంచి ఒక మొక్క, తన నీడలోంచి ఒక మొక్క తీసి, గాలి తగలకుండా కాండాలను నీళ్లలో ముంచే కత్తిరించింది. ఎర్ర నీళ్లున్న సీసాల్లో నిలబెట్టి ఎండలో పెట్టింది.

"ఏమిటీ ఆటలు? లోపలికి రా అమ్మాయ్" అని అత్తగారు వరండాలోంచి పిలిచింది. చిన్న కోడలు కదల్లేదు. బావగారు ఎండల గురించీ రోడ్ల గురించీ ఏదో వాగుతూనే ఉన్నాడు, ఎవరూ ఊ కొట్టలేదు. అందరి కళ్లూ సీసాల మీదే ఉన్నాయి. కాసేపటికి నీడలో పెరిగిన మొక్క ఆకుల్లో ఈనెలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. రెండోది నూనె మెరుపుతో అలాగే నిలబడింది. చిన్న కోడలు దాని బెరడు ఒలిచి చూపించింది. ఎరుపు బెత్తెడు కూడా ఎక్కలేదు.

"పోయినేడువి కూడా ఇంతేనా?" అని అడిగింది నర్సమ్మ.

బావగారు నూనె గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "అదీ, ఎండలు కదా, అప్పుడు కూడా మోటారు కొంచెం..." అని ఆగి, ఉన్నట్టుండి పళ్లికిలించాడు. "పోనీలెండి, మీ చెయ్యి మంచిదేనని తేలిందిగా. అంతా మన మంచికే."

నర్సమ్మ ఆయన వైపు చూడలేదు. "పోయిన నెల ఒకమ్మాయి నొప్పులతో నా గుమ్మంలోకి వచ్చింది" అంది చిన్న కోడలితో. "నా చేతులు వణికాయమ్మా. పెద్దాసుపత్రికి పొమ్మన్నాను. దారిలో బండిలోనే కనింది. తల్లీబిడ్డా బతికి బట్టకట్టారు, అది వాళ్ల అదృష్టం. ఇన్నేళ్లలో ఎవరినీ అలా పంపలేదు."

బావగారు "అయ్యో" అన్నాడు. ఆ నోట్లోంచి అంత రోత మాట చిన్న కోడలు అంతకుముందు వినలేదు.

సాయంత్రం చిన్న కోడలు తన మొక్కలన్నీ వ్యానులో వేయించుకుని కాన్పుల ఇంటికి వెళ్లింది. మొగుడు ఎందుకని అడగబోయి, ఆమె మొహం చూసి అలవాటుగా తలే ఊపాడు. ఆవరణలో గుంటలు సిద్ధంగా ఉన్నాయి. నర్సమ్మ చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడింది.

"నువ్వే నాటమ్మా."

"కళ్లారా చూశారుగా."

"చూశాను. కళ్లు ఒప్పుకున్నాయి, చేతులే ఒప్పుకోవట్లేదు."

సరేనని చిన్న కోడలు మొదటి మొక్క గుంటలో పెట్టింది. ఎదురింటి దర్జీ గోడ మీదుగా తొంగి చూశాడు. "చిన్నమ్మగారు నాటుతున్నారా? అయితే ఇవి బతుకుతాయిలెండి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నర్సమ్మ కూడా "అందుకేగా" అన్నట్టు తలాడించింది.

అంటే ఇప్పుడు చిన్న కోడలి చెయ్యి మంచిదైంది, నర్సమ్మ చెయ్యి చెడ్డదిగానే ఉండిపోయింది. చిన్న కోడలు పెట్టిన మొక్కను పైకి లాగేసింది. వేళ్ల చుట్టూ ఉన్న మట్టి కూడా కొంత దులిపి, దాన్ని తెచ్చి నర్సమ్మ కాళ్ల ముందు నేల మీద పడుకోబెట్టింది. ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది.

"వేళ్లకి ఎండ తగులుతోందమ్మా" అంది నర్సమ్మ.

"తగులుతోంది. కాసేపట్లో దీనికీ గాలి పడుతుంది. నేను మాత్రం ముట్టుకోను."

నర్సమ్మ మొక్కను చూసింది, ఆమెను చూసింది. చిన్న కోడలు చేతులు కట్టుకుని నిలబడింది. సన్నటి వేళ్ల మీద తడి ఆరి మట్టి రంగు మారుతోంది. నర్సమ్మ పళ్ల బిగువున ఏదో గొణిగి, చటుక్కున వంగి, ఒక చెయ్యి వేళ్ల కిందా రెండోది కాండం కిందా పెట్టి ఎత్తుకుంది. గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మట్టి కప్పి అదిమింది. "నీళ్లు" అంది, కాన్పు గదిలో అన్నట్టు. చిన్న కోడలు పరుగున వెళ్లి చెంబు అందించింది.

దర్జీ ఇంకా గోడ మీద గడ్డం ఆనించుకునే ఉన్నాడు. చిన్న కోడలు ఆయన వైపు తిరిగింది.

"చూశావుగా ఎవరు నాటారో. వెళ్లి చెప్పు. పోయినేడు చెప్పిన నోటితోనే చెప్పు."