తిట్టనని ఒట్టు

మా కారం మిల్లుకు తిరువూరులో రెండు పేర్లుండేవి. బోర్డు మీద ఉండేది మా నాన్న పెట్టిన పేరు. అది ఎవరికీ గుర్తులేదు. ఆటోవాళ్ళు మాత్రం "తిట్ల మిల్లు దగ్గర దిగేవాళ్ళు దిగండమ్మా" అని అరుస్తారు. ఆ పేరు తెచ్చిన ఘనత నా భార్య సీతామహాలక్ష్మిది.

ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. ఎవరు మిరపకాయలు తెచ్చినా సంచిలోంచి ఒక కాయ తీసి విరుస్తుంది. టక్కుమని విరిగితే సంచి మర దగ్గరికి వెళ్తుంది. వంగిందా, తెచ్చినవాళ్ళ పని అయిపోయినట్టే. తొడిమలు తియ్యకపోయినా అంతే, ఆవాల్లో ఇసుక కనిపించినా అంతే. బళ్ళో పిల్లల్ని గడగడలాడించే ప్రమీలారాణి టీచరు సైతం ఆవిడ ముందు హోంవర్కు చెయ్యని పిల్లలా నిలబడుతుంది. అన్నేసి తిట్లు తిని, మరుసటేడు మళ్ళీ ఇక్కడికే వస్తారు. ఎందుకొస్తారో నేనెప్పుడూ ఆలోచించలేదు. మర తిరుగుతోంది కదా, అది చాలు నాకు.

ఆ పేరు గురించి ఆలోచించింది మా అమ్మాయి సాయిప్రసన్న. విజయవాడలో ఎంబీఏ చదివి, మిల్లు తనే చూసుకుంటానని వచ్చింది. విస్సన్నపేటలో ఇంకో మిల్లు పెట్టాలని దాని కోరిక. ఒకరోజు దాని స్నేహితురాళ్ళు ఇంటికొస్తే, ఆటో అబ్బాయి "ఇదేనమ్మా తిట్ల మిల్లు" అని వీధంతా వినపడేలా చెప్పి దించిపోయాడు. ఆ పూట అమ్మాయి అన్నం సరిగ్గా తినలేదు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ పేరుతో వెళ్తే విస్సన్నపేటలో మన గడప ఎవరు తొక్కుతారు నాన్నా?" అంది.

విజయవాడ నుంచి ఉదయ్ కుమార్ అనే కుర్రాణ్ణి పిలిపించింది. ఊళ్ళకీ సంస్థలకీ కొత్త పేరూ కొత్త రూపూ దిద్దడం అతని పని. "ప్రతి సంస్థకీ ఒక వ్యక్తిత్వం ఉంటుంది సార్. మీది ఆప్యాయంగా ఉండాలి" అన్నాడు. మా మిల్లు 'కెంపు' అయింది. గోడలకి గులాబీ రంగు పడింది. నా నెత్తిన ఎర్ర టోపీ పడింది. ఒళ్ళు మండింది గానీ, కూతురి ముచ్చట కదా అని ఊరుకున్నాను. గల్లా దగ్గర ఏమనాలో కూడా అతనే చెప్పాడు. రండి, అలాగేనండి, ధన్యవాదాలండి. అంతకు మించి ఒక్క మాట ఉండకూడదు.

సీతామహాలక్ష్మి కూతురి నెత్తిన చెయ్యి పెట్టి, "నీ మీదొట్టు. ఇంక ఎవర్నీ తిట్టను" అంది. కూతురి మీద పెట్టిన ఒట్టు ఆవిడ ప్రాణం పోయినా తప్పదు.

ఆవకాయల రోజులు. మాకు ఏడాది బతుకంతా అప్పుడే. జనం వచ్చారు. "రండి" అంటే వెనక్కి తిరిగి చూసుకున్నారు, ఇంకెవర్నో అంటోందని. వంగిన కాయకీ "అలాగేనండి" అనేసరికి బిత్తరపోయారు. వారం తిరక్కుండా ఊళ్ళో కథలు పుట్టాయి. సీతమ్మకి ఒంట్లో బాలేదని కొందరు, మిల్లుని ఏదో కంపెనీకి అమ్మేశారని కొందరు. ప్రమీలారాణి టీచరైతే నెమలి ఊళ్ళో గుడికి వెళ్ళి వేణుగోపాలస్వామికి మొక్కుకుని, ప్రసాదం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. కారం మాత్రం వేరే మిల్లులో ఆడించుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఇంట్లో సీతామహాలక్ష్మి నన్ను కూడా తిట్టడం మానేసింది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి నాకు ఇల్లు బావురుమంది.

కొత్త బోర్డుకు తెర తీసే రోజు రానే వచ్చింది. ఉదయ్ కుమార్ కెమెరాతో దిగాడు. సరిగ్గా అప్పుడే పెనుగొలను నుంచి రావమ్మ సంచి మోసుకుంటూ వచ్చింది. చుట్టరికం లేకపోయినా వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు వదినా అనుకుంటారు. ముందురోజు జల్లు పడింది. సీతామహాలక్ష్మి కాయ తీసి విరవబోతే అది వేలికి చుట్టుకుంది. ఆవిడ మొహం కూడా కాయలాగే ఎర్రబడింది.

"అలాగేనండి. కూర్చోండి" అంది పళ్ళ బిగువున.

"ఎవర్ని అండీ అంటున్నావొదినా?"

"మిమ్మల్నేనండి."

రావమ్మ సంచి కింద పడేసింది. "నేనేం తప్పు చేశాను? నీ ఇంట్లో నాలుగు ముద్దలు, నీ నోట నాలుగు తిట్లు తిని పోయేదాన్ని. ఇయ్యాల పరాయిదాన్నయిపోయానా? కోపముంటే మొహాన అను. ఇట్టా మీరూ గీరూ అని చంపమాక!" అని బావురుమంది.

సీతామహాలక్ష్మి పెదాలు అదిరాయి. ఒట్టు గుర్తొచ్చి కూతురి వైపు చూసింది. సాయిప్రసన్న తల్లినీ రావమ్మనీ మార్చి మార్చి చూసి, లేచి ముందుకొచ్చింది.

"అత్తా, కాయ తడిగా ఉంది కదా అత్తా. ఇట్టా తేకూడదు కదా..." అంది నసుగుతూ.

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. రావమ్మ ఏడుపు ఆపి వింతగా చూసింది. అమ్మాయి తల్లి వైపు తిరిగి, "నావల్ల కాదమ్మా. నీ ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. నువ్వే కానీ!" అంది.

తూము ఎత్తినట్టయింది.

"ఏమ్మా వదినా, కళ్ళు నెత్తికెక్కాయా? ఈ కాయతో కారం ఆడిస్తే జాడీలో బూజు తప్ప ముక్క మిగుల్తుందా? బంగారంలాంటి మామిడికాయల్ని మట్టి చేస్తావా? పో, మేడ మీద ఆరబొయ్యి! ఆగు, ముందు అన్నం తిను. తినకుండా బస్సెక్కావని మొహం చూస్తేనే తెలుస్తోంది!"

రావమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వరుసంతా గొల్లుమంది. "నా కాయ చూడు సీతమ్మా", "ముందు నాది" అంటూ సంచులు ముందుకు తోశారు. నేను టోపీ తీసి గాల్లోకి విసిరాను, సిగ్గెందుకు చెప్పడానికి!

"నువ్వేంటబ్బాయ్, బల్లిలా గోడకి అతుక్కుపోయావ్? పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా?" అని ఆవిడ ఉదయ్ కుమార్ మీద పడింది.

"లేదమ్మా" అన్నాడతను, నవ్వు ఆపుకోలేక.

"తెర తియ్యకుండానే ఆ బోర్డు దించెయ్యండి. ఊరు పెట్టిన పేరే రాయండి, రెండు చోట్లా" అంది సాయిప్రసన్న.

"రెండో చోట తిట్టేదెవరే?" అన్నాను.

సీతామహాలక్ష్మి కొంచెం జరిగి, పక్కన కూతురికి చోటిచ్చింది. తర్వాతి సంచి వచ్చింది. అమ్మాయి ఒక కాయ తీసి చూసి, "తొడిమలు తియ్యలేదేం బాబాయ్?" అని గొణిగింది.

"ఏంటే ఆ నసుగుడు? గట్టిగా అను" అంది వాళ్ళమ్మ. "విస్సన్నపేట దాకా వినపడాలి!"