అడుగుదూలం వెనుక ముక్క

నా భార్య కనాంగ్ పోయి మూడేళ్లయింది. ఆమె వస్తువుల్లో నేను ముట్టుకోనిది ఒక్కటే. అటక మీద, ఇంటి నడిమి స్తంభానికి ఆనించి, ఎర్ర గళ్ల గుడ్డలో చుట్టి కుట్టేసిన కర్ర ముక్క. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో మూడుసార్లు విప్పి చూపించమన్నాను. మూడుసార్లూ నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను మర్చిపోలేదు. క్షమించనూ లేదు.

ఆ ముక్క ఏమిటో పడవలు కట్టే మా బొంతో లారా ఊళ్లో అందరికీ తెలుసు. పడవ కట్టేటప్పుడు మొదట అడుగుదూలం వేస్తాం. దాని రెండు చివరలూ రంపంతో కోస్తాం. ముందు వైపు తెగిన ముక్క సముద్రంలోకి పోతుంది. వెనుక వైపు తెగినది పడవ యజమాని భార్య చేతికి వస్తుంది. పడవ తిరిగొచ్చేదాకా, తల్లి నుంచి కూతురి ఇంటికి పోవడానికి తప్ప, అది గడప దాటకూడదు. కోసేవాళ్లకు ఒక్కటే నియమం. పెట్టిన రంపం కర్ర తెగేదాకా ఆగకూడదు. ఆగితే ఆ పడవ తిరిగి రాదు.

కనాంగ్ వాళ్ల పడవ తిరిగి రాలేదు. తెరిపాంగ్ కోసం మారెగేకి పోయింది. సముద్రం అడుగు బురదలో పాకే ఆ పురుగును ఉడికించి, ఎండబెట్టి చైనా వర్తకులకు అమ్మేవాళ్లు మా పాతవాళ్లు. మారెగే అంటే దక్షిణాన ఉన్న పెద్ద నేల, ఇప్పుడు ఆస్ట్రేలియా అంటున్నారు. పడవ ఏ ఏడు పోయిందో ఎవరికీ తెలియదు. తల్లి నుంచి కూతురికి, పదమూడు మంది ఆడవాళ్లు ఆ ముక్కను కాపాడుకుంటూ వచ్చారు. ముక్క ఇంట్లో ఉన్నంతకాలం పడవ మునిగినట్టు కాదు. కనాంగ్ పదమూడోది. మాకు పిల్లలు లేరు. పద్నాలుగోది లేదు.

ఆ దూలం కోసింది మా వంశం వాడు. రంపం ఆగిందని కనాంగ్ వాళ్లు అనేవారు. ఆగలేదని మావాళ్లు అనేవారు. ఆ మాట మీద రెండు వంశాల మధ్య పెళ్లిళ్లే లేవు. మాదే మొదటిది.

వర్షాలు తగ్గాక మస్నియా వచ్చింది. మకస్సార్ విశ్వవిద్యాలయంలో తవ్వకాల పని. ముప్పై ఏళ్లుంటాయి. రేవులో మూటలు మోసినవాడి కూతురినని తనే చెప్పుకుంది. మెట్ల కింద చెప్పులు విడిచి, పిలిచేదాకా పైకి రాలేదు. అందుకే కాఫీ ఇచ్చాను.

మారెగే ఉత్తర తీరంలో, ఒక మడ అడవిలో, బురద కింద పాత పడవ అడుగుదూలం దొరికిందట. మనం కోసే పద్ధతిలో కోసిన దూలం. మన కొండల మీది బిట్టి కర్ర. అక్కడి పుస్తకాల్లో తెల్లవాళ్ల ఓడలే ముందు, మన పడవలు తర్వాతట. ఈ దూలం వాళ్లకంటే పాతదని ఆమె నమ్మకం. అక్కడి పెద్ద ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. కర్ర కొట్టుకొచ్చి ఉంటుంది, పడవ వచ్చిందనడానికి రుజువేదీ అన్నాడట. ఈలోగా ఒక గనుల కంపెనీ ఆ అడవిలోని వాగు సముద్రంలో కలిసే చోటే రేవు కడతానంటోంది. నెల రోజుల్లో బురద తోడేస్తారు. దూలం పోతుంది, చుట్టూ ఉన్నవన్నీ పోతాయి.

సంచిలోంచి ఒక అచ్చు తీసి చాప మీద పెట్టింది. ఆ దూలం వెనుక చివర ఎలా ఉందో అలాగే మైనం లాంటిదానితో చేసిన అచ్చు. మా ఊళ్లో పాత ముక్కలున్న ఇళ్లన్నీ తిరుగుతోందట. ఆరు ఇళ్లు అయ్యాయి. ఏదీ అతకలేదు. మాది ఏడో ఇల్లు.

నేను అచ్చు వైపు ఒక్కసారే చూశాను. పైనుంచి మూడింట రెండు వంతులు కోత నున్నగా దిగింది. అక్కడ వేలెడు మెట్టు. మెట్టు కింద నుంచి మళ్లీ కోత. రంపం ఆగింది, బయటికి తీశారు, పక్కకు జరిపి మళ్లీ పెట్టారు. ఆ పిల్లకు రంపం సంగతి తెలియదు. రాయి తగిలి విరిగిందనుకుంటోంది. నేను నలభై ఆరేళ్లు రంపం పట్టాను.

"ఆ ముక్క మా ఆవిడది. ఆవిడ లేదు. వెళ్లమ్మా" అన్నాను.

"నేను వెళ్తాను తెత్తా," అంది. తండ్రిని పిలిచినట్టు పిలిచింది. "బురద తోడేవాళ్లు మాత్రం వెళ్లరు."

ఫోన్ నంబరు రాసిన కాగితం కాఫీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. మా తమ్ముడు గస్సింగ్‌కి చెప్పాను. నా భుజం పడిపోయినప్పటి నుంచి పడవల కొట్టం వాడిదే. ఫ్రాన్స్ నుంచి, జపాన్ నుంచి మనుషులొచ్చి పడవలు కట్టించుకుంటున్నారు. కొట్టం ముందు పెద్ద బోర్డు. దాని మీద మా వంశం పేరు, కింద "ఆగని రంపం" అని. వచ్చిన ప్రతివాడూ ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటాడు.

గస్సింగ్ అంతా విని, సిగరెట్ నలిపేసి, "కాల్చెయ్యి" అన్నాడు.

అది నాది కాదన్నాను.

"వదినది కదా. వదిన లేదు కదా. పద్దెనిమిది మంది పని చేస్తున్నారన్నా నా దగ్గర. మన రంపం ఆగిందని ఊళ్లో ఒక్కడు అంటే చాలు, రేపు మనచేత దూలం కోయించుకునేవాడు ఉండడు. నీకేం, నువ్వు మానేశావు. ఇంట్లో కూర్చుని జనాన్ని తిట్టుకుంటే నీకు రోజు గడిచిపోతుంది."

వాడు చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది.

శుక్రవారం మసీదు నుంచి వచ్చేసరికి తలుపు ఓరగా ఉంది. కనాంగ్ బట్టల పెట్టె తెరిచి ఉంది. బట్ట ఒక్కటి కూడా నలగలేదు. తాళం పగలగొట్టలేదు. బందుల్లోని కర్ర చీలలు ఒక్కొక్కటే తట్టి, ఊడదీసి, చాప మీద వరసగా పేర్చి ఉన్నాయి. చిన్నది మొదట, పెద్దది చివర. దొంగ అలా చేయడు. కర్రను గాయపరచకూడదని చేతికి అలవాటైనవాడు చేస్తాడు. ఆ అలవాటు వాడికి నేర్పింది నేనే.

ముక్క అటక మీద ఉంటుందని వాడికి తెలియదు. పెట్టెలో లేదు కాబట్టి మళ్లీ వస్తాడు.

ఆ మధ్యాహ్నమే కనాంగ్ చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. ఎనభై రెండేళ్ల మనిషి. కనాంగ్ వాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. నా పెళ్లినాటి నుంచి ఆ గుమ్మం ఎక్కలేదు నేను. అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"అల్లుడు దారి తప్పాడు" అంది, ఆకుతో చెబుతున్నట్టు.

కూర్చున్నాను. ముక్క మీది గుడ్డ ఎవరు కుట్టారని అడిగాను.

"కనాంగే కుట్టింది. అంతకుముందు అది మా ఇంట్లో గోడకి నిలబెట్టే ఉండేది, కోసిన వైపు బయటికి. పిల్లలం ఆ మెట్టు మీద కాలివేలు ఆన్చి ఎక్కి ఆడుకునేవాళ్లం. పెళ్లికి వారం ముందు కూర్చుని గుడ్డ కుట్టేసింది. ఎందుకే అంటే, రంపం పట్టేవాడు దీన్ని రోజూ చూస్తే చెయ్యి వణుకుతుంది చిన్నమ్మా అంది."

మునగాకు దూయడం ఆపలేదు.

"నాకెవరూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావు? నలభై నాలుగేళ్లుగా అలిగే ఉన్నావు కదయ్యా. అలిగినవాడికి ఎవరు ఎదురెళ్లి చెబుతారు?"

మస్నియా చెప్పిన సంగతంతా ఆమెకు చెప్పాను. మారెగే, మడ అడవి, అచ్చు. ముసలామె చేతులు అప్పుడు ఆగాయి.

ఆమెను రిక్షాలో మా ఇంటికి తీసుకొచ్చాను. మస్నియాకు ఫోన్ చేశాను. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే వచ్చింది. అటక మీది ముక్కను నేనే దించాను. కుట్లు చిన్నమ్మ కోసింది. అది ఆ ఇంటి ఆడవాళ్ల పని. గుడ్డ కింద కర్ర నల్లగా, నూనె పట్టి ఉంది. ఏడాదికోసారి కనాంగ్ గుడ్డ మీదుగా కొబ్బరినూనె రాసేదని అప్పుడే తెలిసింది. నేను ఆ వాసనను ఆమె తల నూనె అనుకున్నాను.

మెట్టు ఉంది. మస్నియా అచ్చును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఆనించింది. ఇటు మెట్టు అటు గుంటలో కూర్చుంది. గోరు దూరేంత సందు లేదు.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొలత తీసుకుని, రాసుకుని, అప్పుడు చెప్పింది. ఆ దూలానికి మూడుసార్లు మరమ్మతు జరిగిందట. మూడుసార్లూ అక్కడి చెట్ల కర్రతో, మన పద్ధతిలో. పక్కనే తెరిపాంగ్ ఉడికించిన రాళ్ల పొయ్యిల వరస. పడవ అక్కడికి చేరింది. ఏళ్ల తరబడి నీళ్ల మీద తిరిగింది. చివరికి ఒడ్డున పెట్టి వదిలేశారు. మునగలేదు.

చిన్నమ్మ ఆలోచించింది.

"అయితే మా తాతల తాత అక్కడే ఇంకో పెళ్లి చేసుకుని ఉంటాడు," అంది. "పదమూడు తరాలు ఎదురుచూశాం. కబురు పంపితే నిశ్చింతగా పడుకునేవాళ్లం."

నేను కోతనే చూస్తున్నాను. మెట్టు దగ్గర, కర్ర లోపల, గుడ్డుసైజు ముడి ఉంది. ఇనుము లాంటి ముడి. ఏ రంపమైనా అక్కడ బిగుసుకుంటుంది. మా తాతల తాత చెయ్యి అలసి ఆగలేదు. కానీ దూలం వేసే ముందు కర్రను తట్టి వినాలి. ముడి ఉంటే శబ్దం మారుతుంది. అతను తట్టలేదు, లేదా తట్టి విని కూడా నోరు మూసుకున్నాడు. తర్వాత అందరం మూసుకున్నాం. దానికి అతన్ని నేను క్షమించను.

మస్నియాకు ఇంకొకటి కావాలి. చెట్టు వయసు తేల్చడానికి ముక్క అవతలి చివర నుంచి పల్చటి పలక. పలక కోయాలంటే ముక్క గడప దాటాలి. చిన్నమ్మను చూశాను.

"పడవ దొరికింది కదా. ఇక కాపలా ఎందుకు?" అని ఆమే ముక్కను ఒళ్లోకి తీసుకుంది. మోయలేకపోయింది. కింద నేను చెయ్యి పెట్టాను. గడప దాటించింది ఆమే.

ఆదివారం పొద్దున గస్సింగ్ కొట్టంలో కొత్త దూలం కోత. ఫ్రాన్స్ వాళ్ల పడవ. తెల్ల కోడి, బంక అన్నం, అరటిగెల, ఊరంతా. నేను ముక్కను మంచి భుజాన వేసుకుని వెళ్లాను. వెనక చిన్నమ్మ, మస్నియా. గస్సింగ్ నన్ను చూసి, భుజం మీదిది చూసి, రంపం కింద పెట్టేశాడు.

ముక్కను కొత్త దూలం మీద పెట్టాను, కోసిన వైపు జనానికి కనపడేలా. పక్కన అచ్చు. ఎక్కువ చెప్పలేదు. ఇది మన తాతల తాత కోసింది, రంపం ఆగింది, పడవ మారెగే చేరింది, తెల్లవాళ్లకంటే ముందే చేరిందని ఈ అమ్మాయి అంటోంది, అది తేలాలంటే ఇది కావాలి. అంతే.

గస్సింగ్ వచ్చి బొటనవేలు మెట్టు మీద పెట్టాడు. ముడి మీదికి జరిపాడు. గోరుతో గీశాడు. వాడి మొహం నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. వాడికి కోపం పోయింది, పనివాడి ఆసక్తి వచ్చింది.

"ఈ ముడిలోంచి ఎవడు దించుతాడన్నా," అన్నాడు మెల్లగా. "నువ్వు దించలేవు. నేనూ దించలేను."

"దించలేను. అసలు ఈ కర్ర తీసుకోను," అన్నాను.

జనంలో ముసలి పనివాడొకడు, బోర్డు ఎప్పుడు తీస్తారని అడిగాడు. కొందరు నవ్వారు. గస్సింగ్ నవ్వలేదు. మస్నియాను ఎంత మందం కావాలని అడిగాడు. చిటికెన వేలంత అంది. వాడు రంపం వెనుక పిడి పట్టుకుని నా వైపు చూశాడు. ముందు పిడి పట్టుకునేవాడిదే కోత.

నా భుజానికి ఆరేళ్లుగా రంపం లేదు. పట్టాను. ముందు కర్రను తట్టి విన్నాను. అప్పుడు రంపం పెట్టాను. సగంలో భుజం మండింది. ముప్పాతిక దగ్గర కళ్లకు చీకట్లు కమ్మాయి. గస్సింగ్ తన వైపు నుంచి కొంచెం ఎక్కువ లాగాడు, ఎవరికీ తెలియకుండా. నాకు తెలిసింది. పలక తెగి ఇసుకలో పడింది.

వాడు తర్వాత కొత్త దూలం కూడా కోశాడు. ఫ్రాన్స్ వాళ్లు పోలేదు. బోర్డు మాత్రం ఆ వారమే దించేశారు.

ప్రొఫెసర్ మళ్లీ ఆలోచిస్తానన్నాడట. చెట్టు వయసు ఇంకా తేలలేదు. తేలేదాకా వాగులో బురద తోడకూడదని ఆర్డరు వచ్చింది. మస్నియా ఫోన్‌లో చదివి వినిపించింది. చిన్నమ్మ రెండుసార్లు చదివించుకుంది.

గస్సింగ్ నిన్న మా ఇంటికొచ్చాడు. కనాంగ్ పెట్టె ముందు కూర్చుని, చీలలు ఒక్కొక్కటే దిగేసి, మూత ఎత్తి దించి చూశాడు. బాగా బిగించాడు. కాఫీ ఇవ్వలేదు నేను. వాడు వెళ్లాక ఎర్ర గళ్ల గుడ్డ మడతపెట్టి ఆ పెట్టెలో పైన పెట్టాను. ఇంకా నూనె వాసన వస్తోంది.