నీడలేని డేరాలు

నేను ఒక కెమెరాను. పెళ్లివారిని వరసగా నిలబెట్టి నవ్వమనే రకాన్ని కాదు లెండి. ఇంగ్లండులో ఏదో కార్ఖానాలో పుట్టాను. ఓడెక్కించి తెచ్చి, బర్మా సరిహద్దులో ఒక యుద్ధవిమానం పొట్టకు బిగించారు. నేను కిందికి చూస్తాను, నా బొమ్మలు దొరలు చూస్తారు, ఆనక బాంబులు పడతాయి. చంపింది మాత్రం ఎవరూ కాదు!

నా రీళ్లు కడిగేవాడు శ్రీకాకుళం వైపు మనిషి, అసిరయ్య. పటాలంలో చేరకముందు మూడేళ్లు బర్మాలో అన్న పోలయ్యతో కలిసి బట్టలు ఉతికాడు. జపానువాళ్లు వచ్చినప్పుడు ఇతను అడవులు నడిచి బయటపడ్డాడు. కాలు విరిగిన అన్న అక్కడే ఉండిపోయాడు.

ఒకనాడు నేను తెచ్చిన ఫోటోలో నది వంపు, బియ్యం మిల్లు, ఒడ్డున వరసగా తెల్లటి మచ్చలు కనిపించాయి. "డేరాలు! శత్రువు దిగాడు" అంటూ దొర ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాడు.

అసిరయ్య ఆ ఫోటో మీదికి వంగాడు.

"డేరాలు కావు బాబూ, ఆరేసిన గుడ్డలు! పొద్దుటెండలో డేరాకి నీడ పడతాది గదా, ఈటికేదీ నీడ? అది మా చాకిరేవు బాబూ. మా అన్నున్నాడక్కడ. మీ కాళ్లు మొక్కుతాను."

నిజమే, నీడ లేదు. తీసింది నేనేగా! దొర భూతద్దం కూడా ఎత్తలేదు. "కడగడం నీ పని, చూడడం నా పని" అన్నాడు. నాకు నోరుంటే ఆయన్ను అక్కడే దులిపేసేదాన్ని.

మర్నాడు పొద్దున బాంబర్ల వెనకే నన్నూ పంపారు, ఎంత నాశనమైందో చూసి రావాలట. రేవు పగిలింది. బురదా, నీళ్లూ, మనుషులూ కలిసి పైకి లేచారు. మా విమానం పొగలోకి దిగింది. నడుము కింద ఏమీ మిగలని ఆడమనిషి మోచేతుల మీద నీళ్లవైపు పాకుతోంది. ఒంటినిండా మంటలతో ఒకడు పరుగెత్తి, పడి, మళ్లీ లేవలేదు. కింది నుంచి ఒక్క తుపాకీ పేలలేదు. ఛీ, రెప్ప వేయడం రాని బతుకూ ఒక బతుకేనా! అన్నీ తీశాను.

ఆ రీలూ అసిరయ్యే కడిగాడు. ఉతికే బండ మీద బోర్లా పడ్డ మనిషి, పక్కన చంకకర్ర. "అన్నా" అన్నాడు, ఒక్కసారే. తడి ఫోటో చూసి దొర మురిసిపోయాడు. కాగితం మీద రెండు వాక్యాలు గీకి, వాటిని ఫోటో కింద తెల్లసిరాతో ఎక్కించమన్నాడు. అసిరయ్య చేతిరాత గుండ్రంగా ఉంటుంది మరి.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. పక్కనే ఆ ఫోటో తగిలించారు. ఎంత స్పష్టంగా వచ్చిందో అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. కింద అసిరయ్య రాసింది ఇంకా చెరగలేదు: "శత్రు శిబిరం ధ్వంసం. మనవాళ్లెవరూ చనిపోలేదు."