ఎడమ చెప్పు లోపలి అట్ట

మనవరాలి చెప్పులు తిరగేసి చూశాడు చెప్పులు కుట్టే ముసలాయన. పిల్లకు నడక వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఎడమ చెప్పు ముందు కొస అప్పుడే అరిగిపోయింది. కుడిది కొత్తదానిలా ఉంది.

"బాతులా ఊగుతూ నడుస్తోంది నాన్నా. నీ కుట్టుపనికీ వయసైపోయినట్టుంది," అని నవ్వింది కూతురు.

"నా చేతికేం రోగం లేదు. పిల్లను పడుకోబెట్టు."

పని బల్ల మీద పిల్ల కాళ్లు చాపి మడమలు కలిపి చూశాడు. కలవలేదు, ఎడమ కాలు పొట్టిగా ఉంది.

కూతురి నవ్వు ఆగిపోయింది. "ఎడమదానికి కాస్త ఎత్తు పెట్టి కుడితే సరిపోదా?"

"కుట్టను. ఆస్పత్రికి పద."

"ఇది పుట్టినప్పుడే ఆస్పత్రిలో అడిగారు నాన్నా, మీ ఇంట్లో ఎవరికైనా తుంటి కీలు లోపం ఉందా అని. లేదన్నాను. ఉంటే ముందే పరీక్షలు చేసి చూస్తారట."

ముసలాయన పెట్టెలోంచి చనిపోయిన భార్య చెప్పులు తీసి, ఎడమదాన్ని కత్తితో చీల్చాడు. అట్ట లోపల పొర మీద పొర, వేలి మందాన తోలు.

"అమ్మకి కాళ్లు చల్లబడతాయనే కదా ఇంట్లో కూడా చెప్పులు విప్పేది కాదు?"

"అలా చెప్పమంది మీ అమ్మే."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, మన అమ్మాయికైనా తెలియనివ్వకు అని ఆమె ఒట్టు వేయించుకుంది. ఆమె కుంటుతుందని వీధిలో ఒక్కరూ కనిపెట్టలేకపోయారు. అది తన పనితనమని అతను పొంగిపోయాడు. ఆమె పోయింది. ఒట్టు మిగిలింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మళ్లీ అదే అడిగింది. కూతురు నోరు తెరిచేలోపే అతను చెప్పాడు.

"నా భార్యకి ఉండేది. ఆమె తల్లికీ ఉండేది."

కూతురు తిరిగి చూసింది. "అమ్మమ్మకి కూడానా? అదీ తెలుసా నీకు?"

"తెలుసు."

"నేను కడుపుతో ఉన్నప్పుడు కూడా?"

"అప్పుడూ తెలుసు."

ఎక్స్‌రే ఫొటో చూసి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇది కొంత రక్తంలోనే వస్తుందట. తొలి నెలల్లో అయితే పట్టీలు కట్టి తొడ ఎముకను తుంటి గిన్నెలో కూర్చోబెట్టేవారట. ఇప్పుడు కోయాలి. నడుము నుంచి పాదం దాకా సిమెంటు కట్టు వేయాలి.

అలవాటు కొద్దీ పిల్ల తాతవైపు చేతులు చాపింది. అతనూ చాపాడు. కూతురు పిల్లను అవతలి చంకకు మార్చుకుంది.