చక్రం తిరిగేంత జాగా

పరశురాం నాలుగో చక్రం బిగించి, జాకీ దించకముందే స్టీరింగును ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ పూర్తిగా తిప్పి చూశాడు. "యాడ తగుల్తలేదు మేడం. ఇగ మీరు గుట్ట ఎక్కినా ఫికర్ లేదు" అన్నాడు.

తార్నాక ఫ్లైఓవర్ పక్క సందులో అతని టైర్ల షాపు. జాకీ దించాక మా బండి పాత రంగుతోనే, పాత గీతలతోనే నిలబడింది. కానీ రెండు వేళ్ళు ఎత్తు పెరిగి, కలలో కనిపించే తెలిసిన మనిషిలాగ కొంచెం పరాయిగా ఉంది. టైర్ల మీద రబ్బరు ఎండిన చెరువు నేలలాగ పలకలు పలకలుగా విచ్చుకుని ఉంది.

మా ఆయన భానుప్రకాశ్ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. హబ్సిగూడలో ఒక ప్రయోగశాలకు గాజు పరికరాలు చేసే పని ఆయనది. వెంట్రుకవాసి తేడా ఉన్నా కంటితోనే పట్టేస్తారు.

"నవనీతా, ముందే చెప్తున్న. పెద్ద టైరు యాడనన్న రాసుకుంటే కోసుకపోతది. అడవిల స్టెప్నీ ఒక్కటే ఉంటది. శుక్రవారం లోపల ఒక్కసారి బర్రుమని వినపడ్డా మళ్ళ పాత టైర్లే. పాత టైర్లతోని నువ్వు పోవుడు లేదు. ఇంకోటి, బండికి కోత పెట్టుడు గూడ లేదు."

"సరే" అన్నాను. అప్పటికి సోమవారం సాయంత్రం.

ఇరవై ఏడేళ్ళ కిందట నేనూ స్నేహలతా ఇక్కడి యూనివర్సిటీలోనే ఎమ్మెస్సీ బాటనీ చదివాం. రెండో ఏడు టూరు నల్లమలకు. బస్సు బయలుదేరే వారానికి నాకు అమ్మవారు పోసింది. వేపాకుల మీద పడుకుని, వాళ్ళు ఈపాటికి ఏ చెట్టు కింద ఉన్నారో అనుకుంటూ ఆ నాలుగు రోజులూ గడిపాను. తర్వాత పెళ్ళి, పిల్లలు, వంటిల్లు. చూడని ఆ అడవి మాత్రం నిద్రలోకి వస్తూనే ఉంది. అందులో నాకు కాళ్ళుండవు. నేలకు జానెడు ఎత్తున తేలుతూ చెట్ల మధ్యనుంచి పోతుంటాను. ఏ కొమ్మా నాకు తగలదు.

స్నేహలత ఇప్పుడు అదే డిపార్ట్‌మెంటులో పాఠాలు చెబుతోంది. పోయిన నెల మా ఇంటికొచ్చి, చాయ్ చల్లారేదాకా అవీ ఇవీ మాట్లాడి, చివరికి బయటపెట్టింది.

"పీహెచ్‌డీ పిల్లలు ముగ్గురిని తీస్కపోవాలె. నల్లమల లోపట పద్నాలుగు కిలోమీటర్లు. పోయినేడు కిరాయి బండి కడుపు రాళ్ళకు తగిలి సగంల నుంచి వాపస్ వచ్చినం. మళ్ళ వచ్చే నెల ఒక్క శుక్రవారానికే పర్మిషన్ ఇచ్చిన్రు. నీ బండికి పెద్ద టైర్లు ఏపిచ్చుకోని నువ్వే నడుపుకుంట రారాదే?"

"నేనా?"

"మరి మీ ఆయననా? ఆయనకు మద్ది చెట్టుకు ఏగిస చెట్టుకు తేడా ఎర్కనా?"

మా ఆయన లోపలి గదిలోంచి, "వినపడ్తున్నది" అన్నారు.

అలా వచ్చాయి ఈ టైర్లు.

టైర్లు వేయించిన రోజు రాత్రి వంటయ్యాక జాకెట్టుకు చేతులు అతుకుతూ కూర్చున్నాను. నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను. చేతులు దించుకుని నిలబడితే ఏ జాకెట్టైనా సరిపోయినట్టే ఉంటుంది. పై అరలో డబ్బా అందుకోబోయినప్పుడు తెలుస్తుంది చంక దగ్గర ఎంత పట్టేస్తుందో. సూది అక్కడే ఆపేశాను. పరశురాం చక్రం తిప్పి చూసింది బండి జాకీ మీద ఉన్నప్పుడు. అప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది, దాని పైన గూడులాంటి చోటుకు దూరంగా ఉంటుంది. మనుషులెక్కి బండి కుంగినప్పుడు, ఒక చక్రం రాయెక్కి పైకి లేచినప్పుడు, స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడు? ఆ మూడూ ఒకేసారి అయినప్పుడు? అతను చేతులు దించిన బండిని చూశాడు.

మంగళవారం పొద్దున గడపకు పూసే ఎర్రమట్టి జాజును ఒక గిన్నెలో చిక్కగా కలుపుకుని, ఆయన్ను లేపి వెంటబెట్టుకుని, క్యాంపస్‌కు బయలుదేరాను.

తార్నాకలో స్టీరింగు పట్టిన ప్రతివాళ్ళూ క్యాంపస్ రోడ్ల మీదే నేర్చుకుంటారు. నేనూ అంతే, నాలుగేళ్ళ కిందట. ఆ పూట మంచు చెట్ల నడుముల దాకా ఉంది. వెనుక అద్దం మీద ఎర్రటి ఎల్ అక్షరం అంటించుకున్న చిన్న కార్లు ఆ మంచులో మెల్లగా వస్తున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. అందులో ఉన్నవాళ్ళు ఇంకా నిద్రలేవలేదనిపిస్తుంది. నడకకు వచ్చేవాళ్ళు మంచులోంచి ముందు మాటలుగా వచ్చి, తర్వాత మనుషులవుతున్నారు.

హాస్టళ్ళ వెనక ఖాళీ జాగాలో మోకాలెత్తు బండ ఒకటి నేలలోంచి వాలుగా లేచి ఉంటుంది. దాని పక్కన బండి ఆపి, ముందు చక్రాల భుజాలకు పాత గుడ్డతో జాజు పూయడం మొదలుపెట్టాను.

"ఏందమ్మా, బండికి పెండ్లి చేస్తున్నవా?" అన్నాడు రాజన్న. అడిక్‌మెట్ నుంచి రోజూ నడిచొచ్చే రిటైర్డ్ బస్సు కండక్టరు.

"ఎక్కడ రాసుకుంటే అక్కడ ఎరుపు అంటుతుంది, అన్నా. బరువు కావాలి. కొంచెం ఎక్కి కూర్చుంటారా?"

రాజన్న వెనక నడుస్తున్న రాజలింగు ఆగిపోయాడు. గోల్నాక మనిషి, ఒళ్ళు తగ్గడానికి మూడేళ్ళుగా నడుస్తున్నాడు. "అందరిని ఇడిసిపెట్టి నా దిక్కే ఎందుకు చూస్తున్నవు చెల్లె? నాకు సమజైంది."

"ఎక్కవయ్యా. మూడేండ్లకు నీ బరువు ఒక పనికొచ్చింది" అంది అమృతమ్మ. నడకవాళ్ళకు రాగిజావ అమ్ముతుంది.

"నువ్వు గూడ రా పెద్దమ్మా" అన్నాను.

"జావ ఎవలు జూస్తరు?"

"ఐదే నిమిషాలు."

మూత పెట్టి, మూత మీద ఇటుక పెట్టి వచ్చింది. వెనక సీట్లో ముగ్గురు, ముందు మా ఆయన, స్టీరింగు దగ్గర నేను. ఐదుగురం. ఎడమ చక్రాన్ని బండ మీదికి మెల్లగా ఎక్కించాను. బండి ఒక పక్కకు ఒరిగింది. అమృతమ్మ రాజలింగు మీదికి జారి, "జరుగయ్యా" అంటే, "నువ్వే జరిగినవు పెద్దమ్మా, నేనున్న కాడనే ఉన్న" అన్నాడు. స్టీరింగును కుడివైపు చివరిదాకా తిప్పి, అంగుళం వెనక్కి వదిలాను.

బర్ర్.

ఎక్కువసేపేమీ కాదు. కానీ అందరూ విన్నారు. మా ఆయన ముందు అద్దంలోంచి మంచులోకి చూస్తున్నారు.

"మా బస్సులు గూడ గిట్లనే" అన్నాడు రాజన్న, ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి. "ఖాళీగ ఉంటే నోరు మెదపవు. అరవై మంది ఎక్కినంక పాట షురూ."

అందరూ దిగారు. అమృతమ్మ పోతూ పోతూ నా భుజం తట్టి, ఒక గ్లాసు జావ పంపించింది. నాకు తాగబుద్ధి కాలేదు. ఇరవై ఏడేళ్ళ కిందట వేపాకుల మీద ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. బస్సు కదిలిపోయింది, నేను లేను.

"ఇగ చెప్పేదేమున్నది" అన్నారాయన. మెల్లగానే అన్నారు.

"ఒక్కసారి కిందికి వంగి చూడండి. తర్వాత మీరేం చెప్తే అదే."

న్యూస్‌పేపరు పరిచాను. ఆయన దాని మీద వెల్లకిలా పడుకుని, ఫోను లైటు పట్టుకుని చక్రం పైన గూట్లోకి చూశారు. నేను పక్కన గొంతుక్కూర్చున్నాను. గూటి లోపల నల్లటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, బురద పైకి ఎగరకుండా. దాని వెనక భాగంలో, తలుపు వైపు, ఎర్రటి గీత. జానెడు పొడవు, వేలెడు వెడల్పు. మిగతా గూడంతా శుభ్రంగా ఉంది. గుంతలు లేవు, మరకలు లేవు. ఒక్క గీత.

ఆయన వేలితో ఆ గీత మీద తట్టారు. వెనకాల బోలుగా మోగింది. ఇంకోచోట తట్టారు. మళ్ళీ గీత దగ్గరికే వచ్చారు.

"దీనెనక ఖాళీ ఉన్నది" అన్నారు.

నేను ఇంకా వంగి గూట్లోకి తొంగి చూశాను.

"రెండు వేళ్ళ జాగా వట్టిగ పడున్నది. ఇనుము అయితే ఏం చేసేటోళ్ళం కాదు. ఇది ప్లాస్టిక్." చొక్కా మీద జాజు చుక్కలు పడుతున్నా పట్టించుకోలేదు. "కొయ్యనే అవసరం లేదు. గాజు లెక్కనే. వేడి జేసి, మెత్తగైనంక లోపటికి నూకి, సల్లారేదాక పట్టుకోవాలె. అంతే. యాడ వేడి చెయ్యాల్నో నీ గీత చెప్పనే చెప్తున్నది."

ఆ సాయంత్రం పరశురాం షాపులో చక్రం విప్పారు. అద్దాలకు ఫిలిం అంటించేందుకు వాడే వేడిగాలి మిషను అతని దగ్గర ఉంది. "నేను కోసిపారేద్దునే, పది నిమిషాల పని" అని గొణుగుతూనే ఇచ్చాడు. మా ఆయన దాన్ని గీత మీద అటూ ఇటూ ఆడించారు. ఒకచోట నిలపలేదు. ప్లాస్టిక్ నిగనిగలాడే క్షణం కోసం కళ్ళు చికిలించి చూశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పని చేస్తుండగా నేను చూడటం అదే మొదలు. తడిపిన గోనెపట్టా చుట్టిన చెక్కతో లోపలికి ఒత్తి, అలాగే పట్టుకుని, పెదవులు కదుపుతూ వంద లెక్కపెట్టారు. పరశురాం కూడా వచ్చి వంగి చూశాడు. కుడి పక్క గూట్లోనూ అదే చోట అలాగే ఒత్తారు.

బుధవారం మళ్ళీ అదే బండ, అదే మంచు. రాజలింగు మమ్మల్ని చూసి దూరంనుంచే చెయ్యెత్తాడు. "నాష్టా తినక ముందే ఎక్కాల్నా, తిన్నంక ఎక్కాల్నా?"

"తినే ఎక్కు. ఎక్కువ బరువే మంచిది."

జాజు పూశాను. ఐదుగురం ఎక్కాం. ఎడమ చక్రం బండెక్కింది. చివరిదాకా తిప్పి, ముందుకూ వెనక్కూ కదిలించాను. చప్పుడు లేదు. తిరగేసి కుడి చక్రాన్ని ఎక్కించి తిప్పాను. అదీ లేదు. రాజన్న చప్పట్లు కొట్టాడు. మా ఆయన మొహంలో, ఎంత దాచుకున్నా, కొంచెం గర్వం కనిపించింది.

"అయిపోయింది. పోయి రా" అన్నారు.

నేను దిగి, వంగి, లైటు వేసి చూశాను. ఒత్తిన చోటు శుభ్రంగా ఉంది. దానికి కొంచెం కింద, తొడుగును పట్టుకున్న మేకు గుండు మీద, కందిగింజంత ఎరుపు.

"ఇక్కడుంది."

"యాడ? గదా? గది రాసుడు కాదు, ముద్దు పెట్టుడు. చప్పుడే లేదు గద?"

"చప్పుడు మీ షరతు. మీ షరతు తీరింది. కానీ నేను నడపాలి కదా, నాకు ఇది చాలదు. అక్కడ ఉన్నది ఇనుప గుండు. పద్నాలుగు కిలోమీటర్లు పోవాలి, మళ్ళీ పద్నాలుగు రావాలి."

కండక్టరు రాజన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సార్, మీరు గాజుపని చేస్తరంట గద?"

"అవును."

"అమ్మ ముంగట మీరు జర కిందనే ఉన్నరు."

మా ఆయన నవ్వారు. రెండు పక్కలా ఆ గుండుమేకు తీసి, లోపలికి దిగిపోయే చదును మేకు వేయడానికి పరశురాంకు ఎక్కువసేపు పట్టలేదు. గురువారం మూడోసారి జాజు పూస్తే, జాజు జాజుగానే చక్రం మీద ఎండిపోయింది. గూట్లో ఒక్క చుక్క లేదు. ఆ రోజు బండిలోంచి దిగనని మొండికేసింది అమృతమ్మ. "రోజు ఎక్కిచ్చుకుంటవు, ఇదే బండ మీదికి తీస్కపోతవు. ఒక్కసారన్న క్యాంపస్ అంత తిప్పు." తిప్పాను. అద్దం దించుకుని, నడిచేవాళ్ళందరికీ చెయ్యి ఊపుతూ కూర్చుంది.

శుక్రవారం అడవి గేటు దాటేసరికి ఎండ ఇంకా కొమ్మల పైనే ఉంది, కిందికి దిగలేదు. ఫారెస్టు వాచర్ ముందు నడుస్తూ దారి చూపిస్తున్నాడు. పక్కన స్నేహలత, వెనక ముగ్గురు పిల్లలు, వాళ్ళ ఒళ్ళో ఆకులు అదిమే చెక్కలు. ఆరో కిలోమీటరు దగ్గర వాగు. నీళ్ళు లేవు. రెండు బండల మధ్య దారి పాములా ఒకేసారి మెలిక తిరిగింది. పోయినేడు బండి ఆగిపోయింది అక్కడేనని స్నేహలత చెప్పలేదు కానీ, డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి ముందుకు వంగడంలో తెలిసిపోయింది.

వాచర్ చేత్తో ఇంకా, ఇంకా అని సైగ చేశాడు. ఎడమ చక్రం బండెక్కింది. బండి ఒరిగింది. వెనక ఎవరివో చెక్కలు జారాయి. రాయికి తగలకుండా బండి కడుపు పైనుంచి దాటిపోయింది. ఇక తిప్పాలి. అద్దం కిందికి దించి, చెవి బయటికి పెట్టి, స్టీరింగును చివరిదాకా తిప్పాను.

ముందు టైర్ల కింద ఎండుటాకులు నలిగాయి. తర్వాత ఎక్కడో ఒక పిట్ట రెండుసార్లు పిలిచి ఊరుకుంది. ఇంకో చెట్టు మీదనుంచి ఇంకోటి జవాబిచ్చింది. ఎండిన వెదురు ఒకదానికొకటి తగిలి తలుపు తీసినట్టు కిర్రుమంది. అడుగున ఎక్కడో నీళ్ళున్న వాసన వచ్చింది. నేను ఏ చప్పుడు కోసం చెవి బయటపెట్టానో నాకు గుర్తులేదు. చక్రం తిరుగుతూనే ఉంది. చెట్లు పక్కకు జరిగి, మాకు దారిచ్చి, వెనక మళ్ళీ దగ్గరయ్యాయి.

"నవనీ, అద్దం ఎక్కియ్యే. సలి కొడుతున్నది" అంది స్నేహలత.

"కొట్టనీ" అన్నాను.