తట్టలేదు

చిట్టికి ముప్ఫై దాటి చాలాకాలమైనా ఇంట్లో చిట్టే, ఆఫీసులోనూ చిట్టే. ఆ పిలుపును ఇంటినుంచి ఆఫీసుకు మోసుకొచ్చింది వదిన. వదిన అక్కడ సీనియర్ ఇంజినీరు. పాత కంపెనీ మూతపడి, అన్నయ్య ఇంట్లో వెనకగదిలో చేరిన ఆడపడుచుకు తన ఆఫీసులోనే తాత్కాలికంగా పని ఇప్పించింది. అది చిన్న సంగతేం కాదు. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా వదినే చూసుకునేది.

ఉద్యోగం ఖాయమైతే వేరే గది తీసుకోవాలని చిట్టి ఆశ. చూసిపెట్టుకుంది కూడా. మేడమీద గది, ఒకే కిటికీ, తలుపుకు లోపలి గడియ. ఆ గడియ మీదే మనసుపడింది. వెనకగదికి గడియ లేదు. ఎవరి సాక్సు కనబడకపోయినా, ఎవరి బొత్తాం ఊడినా నేరుగా తలుపు తోసుకొచ్చేవాళ్ళు. అన్నయ్య చిన్నకూతురైతే రాత్రిళ్ళు దిండు చంకలో పెట్టుకుని వచ్చి అత్త పక్కనే పడుకునేది. పొద్దున వంట ముగించి, పిల్లల డబ్బాలు సర్ది, చిన్నదానికి జడలేసి చిట్టి బయటపడేసరికి వదిన కారులో హారన్ కొడుతూ ఉండేది.

ఖాయం చెయ్యాలంటే ఒక లెక్క సొంతంగా చేసి మీటింగులో చూపించమన్నాడు మేనేజరు. ఎత్తయిన పొగగొట్టం. గాలి వీస్తే అది పక్కలకు ఎంత ఊగుతుందో కంప్యూటర్లో తేల్చాలి.

"సున్నానుంచి ఎత్తుకుంటే ఈ జన్మకు తేలదు," అంది వదిన కారు నడుపుతూ. "ముందు స్టడీ లెక్క చేసెయ్. గాలి నిలకడగా, ఏ మార్పూ లేకుండా వీచినట్టు. ఆ ఫలితం మీదనుంచి అన్‌స్టడీ మొదలుపెట్టు. క్షణక్షణానికీ ఏమవుతుందో అది చూపిస్తుంది. సగం దూరం ముందే నడిచేసినట్టు."

"ఇంకా స్టడీయేనా చిట్టీ?" భోజనాల దగ్గర అన్నయ్య వేళాకోళం. "నీ స్టడీ అయ్యేలోపు నా పిల్లల స్టడీ అయిపోతుంది."

వదిన పకపకా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారని చిట్టి కూడా నవ్వింది.

వదిన చెప్పింది అబద్ధం కాదు, అందరూ చేసేది అలాగే. స్టడీ ఫలితం ముచ్చటగా వచ్చింది. గొట్టం వెనక గాలి కుడిపక్క ఎలా ఉందో ఎడమపక్కా అచ్చం అలాగే ఉంది. దాని మీదనుంచి అన్‌స్టడీ నడిపించింది. గొట్టాన్ని పక్కకు తోసే బలం ఎంతో చూపించే గీత మాత్రం మొదటినుంచి చివరిదాకా సున్నా మీద చాపలా పరుచుకుంది.

"ఇదేంటి వదినా, గొట్టం అసలు ఊగటం లేదు?" లాప్‌టాప్ తీసుకెళ్ళి వదిన మంచం మీద పెట్టింది.

వదిన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఊగకపోతే మంచిదేగా. కట్టేవాళ్ళు సంతోషిస్తారు." కళ్ళజోడు తీసేసింది. "గది చూశావటగా? మీ అన్నయ్య చెప్పాడు."

"ఊరికే చూశాను వదినా."

"ఊరికే ఎవరు చూస్తారు? పిల్లల సంగతేంటి అని ఒక్క మాట అడగాలనిపించలేదా?" అని, అంతలోనే గొంతు మెత్తబరిచింది. "పోనీలే. ఇది ఇలాగే పెట్టెయ్. బాగుంది."

మీటింగులో మేనేజరు ఆ గీతకేసి తల వంచి చూశాడు.

"మరి తట్టలేదా?"

తెలివున్నవాళ్ళకు తోచాల్సిందేదో తనకు తోచలేదని అడుగుతున్నాడనుకుంది చిట్టి.

"నాకు తట్టలేదండీ," అంది ఒప్పుకుంటూ.

గది మొత్తం గొల్లున నవ్వింది.

"తట్టడమంటే అది కాదు చిట్టీ," అంది వదిన, చిన్నపిల్లకు చెప్పినట్టు. "స్టడీ ఫలితంలో రెండుపక్కలా ఒకేలా ఉంటుంది. అక్కడనుంచి మొదలుపెడితే గాలికి ఎటు ఒరగాలో తెలీక అలాగే ఉండిపోతుంది. అందుకే మొదట్లోనే గాలిని ఒక పక్కనుంచి చిన్నగా తట్టాలి. అప్పుడు సుడులు ఒకసారి ఇటూ ఒకసారి అటూ విడుస్తుంది, గొట్టం ఊగుతుంది. ఇక్కడ అందరికీ తెలిసిందే." మేనేజరు వైపు తిరిగింది. "నేనే ఒకసారి చూసి ఉండాల్సింది సార్."

"నువ్వు చూశావు కదా వదినా!"

"నేనా? ఎప్పుడు?"

"మొన్న. నీ మంచం మీద."

"మంచం మీద చూస్తే అన్నీ నిద్రపోతున్నట్టే కనిపిస్తాయమ్మా," అన్నాడు చివర్లో కూర్చున్న బట్టతలాయన. ఈసారి మేనేజరు కూడా నవ్వాడు. నవ్వు అయ్యాక, ఊగే గొట్టాన్ని ఊగదని రాసిచ్చే మనిషిని పెట్టుకోలేమన్నాడు. నెలాఖరుదాకా వస్తే చాలన్నాడు.

కారెక్కుతూనే వదిన అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పేసింది. ఫోన్ పెట్టేసి, "అందరిముందూ వదినా వదినా ఏంటి? నా పరువేం కావాలి?" అంది. కారు తీస్తూ, "ఒకందుకు మంచిదేలే. పిల్లల్ని బడినుంచి తేవడానికి మనిషిని వెతికే బెడద తప్పింది," అంది.

"గీత చూడగానే నీకు తెలిసింది కదా వదినా."

సిగ్నల్ పడింది. వదిన అద్దంలో జుట్టు సర్దుకుంది.

"తెలిస్తే? తట్టాలా అని నువ్వడిగావా?"

ఇంట్లో అడుగుపెట్టగానే చిన్నది పరుగెత్తుకొచ్చి మెడకు వేలాడింది.

"అత్తా! నువ్వు పోవట కదా! నాన్న చెప్పాడు! ఇక్కడే ఉంటావట!"

చిట్టి ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది.

"మీకోసం ఉండటం లేదు. వేరే దిక్కులేక ఉంటున్నాను. నువ్వంటే నాకేం ఇష్టం లేదు, తెలిసిందా? ఇవాళ్టినుంచి నా గదిలోకి రాకు."

పిల్ల నవ్వు సగంలో ఆగిపోయింది. అత్త ఆటపట్టిస్తోందేమోనని మొహంలోకి వెతుక్కుంది. ఊరికే అన్నానే పిచ్చిదానా అంటే చాలు, సరిపోయేది. చిట్టికి ఆ సంగతి తెలుసు.

"చిట్టీ! పొయ్యి మీద నీళ్ళు పెట్టావా?" లోపల్నుంచి వదిన కేకేసింది.

"పెడుతున్నా," అంది చిట్టి, పిల్లను దాటుకుని వెళ్తూ.