కమలాక్షమ్మ గోడ

ఎడమచేత్తో గోడ తడుముతూ, కుడిచేత్తో గరుకు ఉప్పు కాగితం రుద్దుతున్నాడు సుందర్‌రాజ్. నిన్న పూసిన పుట్టీ తెల్లటి పొడిగా రాలి అతని కనుబొమల మీద, చెవుల మీద పేరుకుంటోంది. ఒకప్పుడు బేతమంగళ ఊళ్లో చాలామంది హాలు గోడలకు గింజలు గింజలుగా గరుకు పూత వేయించుకున్నారు. ఈ ఇంట్లో అది వేసింది అతనే. ఇప్పుడు తానే చెక్కి నున్నగా చేస్తున్నాడు.

కారణం కమలాక్షమ్మ అరచేతులు. టీచరుగా రిటైరైన ఆమెకు కొన్నాళ్లుగా చూపు లేదు. గోడ పట్టుకునే నడుస్తుంది. వయసుతో పలచబడిన చర్మం ఆ గింజలకు గీసుకుపోయి రక్తం వస్తోంది. రోజూ ఆ చేతులకు నూనె రాసే కోడలు వత్సల, ఇక చూడలేక సుందర్‌రాజ్‌ను పిలిపించింది.

అతను కాగితం పక్కనపెట్టి, గోడకు ఆనుకుని చాలాసేపు దగ్గాడు. బంగారు గనిలో డ్రిల్లింగు మిషను పట్టిన మనిషి. అక్కడి రాతిపొడి ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. గని మూసేశాక తాపీ పట్టాడు. పని చాలించమని భార్య ఎస్తరమ్మ పోరుతూనే ఉంది.

వత్సల టీ తెచ్చింది. "మూతికి గుడ్డ కట్టుకోప్పా. అంతా దుమ్ము ఉండాది."

"కట్టుకుంటే ఊపిరి ఆడదు తల్లీ."

మధ్యాహ్నానికి గోడ పూర్తయింది. వత్సల అత్తను తీసుకొచ్చి గోడకు చేయి ఆనించింది. ముసలామె రెండు చేతులూ పరిచింది, చెంప కూడా ఆనించింది. "పసిబిడ్డ వీపు మాదిరి ఉండాది" అని నవ్వి, తనే గోడ వెంట బయల్దేరింది. సగం దూరంలో ఆగిపోయింది. చేయి ముందుకూ వెనక్కూ వెతికింది.

"వత్సలా, నేను యాడ ఉండాను?"

వత్సల పరుగున వెళ్లి పట్టుకుంది. గింజ ఎక్కడ పెద్దదో, ఎక్కడ రాలిందో ఆ గుర్తులతోనే ఆమె బాత్రూము తలుపూ మెట్టూ కనుక్కునేదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఇప్పుడు గోడంతా ఒకటే.

"నేనే చెడగొట్టినాను" అంది వత్సల.

సుందర్‌రాజ్ చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఒకసారి గని లోపల నా దీపం ఆరిపోయిందమ్మా. గాలి పైపు పట్టుకోని నడిచినాను. దాని అతుకు చేతికి తగిలినప్పుడల్లా దావ తప్పలేదులే అనుకొని ఏడ్చినాను."

"ఏడ్చినావా?" అంది కమలాక్షమ్మ.

"ఇంట్లో కూడా చెప్పలేదు."

ఆమె అతని గొంతు వినిపించిన వైపు చేయి చాపింది. "అట్లాంటి అతుకు నాకూ పెట్టప్పా."

"యాడ పెట్టల్లో నువ్వే చూపించమ్మా."

ఆమె వేలు ఎక్కడ ఆనితే అక్కడ బొటనవేలితో పుట్టీ ఒత్తాడు. తలుపు పక్కన ఒక అడ్డగీత. మెట్టు దగ్గర రెండు. వేలు తడుపుకుని, చేయి కోసుకోకుండా అంచులు గుండ్రం చేశాడు.

"ఇంకొంచెం కింద పెట్టు. పోను పోను ఇంగా వంగిపోతాను గదా" అంది ఆమె. ముగ్గురూ నవ్వారు.

అవి గట్టిపడ్డాక కమలాక్షమ్మ ఒంటరిగా బాత్రూము దాకా వెళ్లి తిరిగొచ్చింది. చాలక మళ్లీ వెళ్లింది. సుందర్‌రాజ్ నేలమీద కూర్చుని, ఆయాసపడుతూ చూశాడు.

"కిటికీ కాడ మేకు బొక్కలు ఉండాయి, రేపొచ్చి పూడుస్తాను" అని చెప్పి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

పొద్దున్నే ఎస్తరమ్మ ఫోను చేసింది. "మీ పనికని లేపబోయినానమ్మా. లేయలేదు. నిద్దట్లోనే పోయినాడు. నిన్న నగుతా వచ్చినాడు. ఎప్పుడో దీపం ఆరిపోయి ఏడ్చిన కత చెప్పినాడు. ఇన్నేండ్లూ నాకు చెప్పనే లేదు చూడు."

విషయం తెలిసి కమలాక్షమ్మ లేచి, గోడ వెంట తలుపు దాకా నడిచి, గీత మీద చేయి పెట్టుకుని అలాగే నిలబడింది.

వత్సల కిటికీ తెరిచింది. మేకు బొక్కల కోసం అతను విడిగా ఉంచుకున్న పుట్టీ ముద్ద కిటికీ గట్టు మీద గట్టిపడి ఉంది, పిడికిట్లో పిసికిన నాలుగు వేళ్ల గుంటలతో.